‘డిసైడ్’ అనే మాట: అర్థం, వాడుక

మన ట్రస్టు ఉపకార వేతనం దరఖాస్తు ఫారం చివరి పేజీలో ఒక ప్రశ్న ఉంటుంది. "వై హ్యావ్ యూ డిసైడెడ్ ఆన్ దిస్ కోర్స్?" దాని కింద పది గీతలు. ఈ కోర్సే చదవాలని ఎందుకు నిర్ణయించుకున్నారో వంద మాటలకు మించకుండా ఇంగ్లీషులో రాయాలి. మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం, ఫీజు రసీదు మన పిల్లలు ఎంతో జాగ్రత్తగా జతచేస్తారు. ఈ పది గీతల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేయి తడబడుతుంది. కొందరు ఖాళీగా వదిలేస్తారు. కొందరు అన్నయ్య చేత రాయిస్తారు, ఆ సంగతి రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. ఎక్కువమంది తమ తెలుగును తామే ఇంగ్లీషులో పెట్టి రాస్తారు. నాకు నచ్చేవి అవే. వాటిలో తప్పులుంటాయి కాని మనిషి కనిపిస్తాడు.

కొన్నేళ్లుగా ఆ పేజీలు చదివే పని నాకు అప్పగించారు. ఎక్కువ తప్పులు కష్టమైన మాటల్లో రావడం లేదు. ‘డిసైడ్’ అనే, అందరికీ తెలిసిన, ఇంట్లో అమ్మమ్మ కూడా వాడే మాట దగ్గరే వస్తున్నాయి. ఒక్కోసారి ఆ తప్పు వల్ల పిల్లవాడు చెప్పదలచుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకమైన అర్థం వచ్చి, ఫైలు పక్కకు పోయిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే ఈ సంచికలో ఆ ఒక్క క్రియ గురించే రాస్తున్నాను.

ముందు దాని పుట్టుక. ‘డిసైడ్’ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివర ఇంగ్లీషులోకి వచ్చింది. లాటిన్‌లో ‘డే’ అంటే ‘విడిగా, అవతలికి’, ‘కైదెరె’ అంటే ‘కోయడం’. రెండూ కలిస్తే కోసి వేరుచేయడం. పంటిలో కొరికే పన్నును సైన్సు పుస్తకంలో ‘ఇన్సిజర్’ అంటారు, డాక్టరు పెట్టే కోతను ‘ఇన్సిజన్’ అంటారు, కత్తెరను ‘సిజర్స్’ అంటారు. ఇవన్నీ ఆ కుదురువే. అనవసరమైనదంతా కోసేస్తే మిగిలేది ‘కన్‌సైజ్’, ‘ప్రిసైజ్’. పురుగులను చంపే ‘పెస్టిసైడ్’లో చివర ఉన్న ‘సైడ్’ కూడా కోయడం, చంపడం అన్న ఆ ధాతువు నుంచి వచ్చిందే. అయితే భూగోళంలో మీరు చదివే ‘డెసిడ్యుయస్’ అడవులు, అంటే బందిపూరు లాంటి ఆకురాల్చే అడవులు, ఈ కుటుంబం కాదు. అది ‘రాలడం’ అనే అర్థమున్న వేరే ధాతువు. చూడటానికి ఒకలా ఉన్నంత మాత్రాన చుట్టాలు కారు.

కోయడానికీ నిర్ణయానికీ సంబంధం ఏమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. మన తెలుగులోనూ అదే ఉంది. సంతలో ఎద్దుల బేరం సాగి సాగి ధర కుదరకపోతే ‘బేరం తెగలేదు’ అంటాం. అన్నదమ్ముల పొలం తగాదా ఏళ్ల తరబడి నడిస్తే ‘తెగని వ్యవహారం’ అంటాం. మొహమాటం లేకుండా చెప్పేవాడు ‘తెగేసి చెప్పాడు’. తాడు తెగినా, బేరం తెగినా క్రియ ఒక్కటే. ఇక ‘తేల్చడం’ అనేది మరో బొమ్మ. నీటిలో మునిగి ఉన్నదాన్ని పైకి తేవడం. ‘నిర్ణయం’ సంస్కృతం. దానిలో ఉన్నది నడిపించే ధాతువు, లోపలి నుంచి బయటికి తీసుకురావడం. ఇంగ్లీషు మాటలో మాత్రం కత్తి ఉంది. రెండు దారులున్నప్పుడు ఒకటి పట్టుకోవడమే కాదు, రెండోదాన్ని కోసేయడం కూడా ‘డిసైడ్’లోనే ఉంది. ఆ మాట బరువు అది.

ఆ బరువు తెలియకపోవడం వల్ల వచ్చే మొదటి చిక్కు మన ‘అనుకోవడం’తో.

తెలుగులో మనం రోజువారీ మాటల్లో ‘నిర్ణయించుకున్నాను’ అనం. అది పత్రికల భాష. ‘బీఎస్సీలో చేరాలనుకున్నాను’ అంటాం. ఈ ‘అనుకున్నాను’ ఎంత మంచి మాటంటే, మనసులోకి ఊరికే వచ్చిన ఆలోచనా అదే, చేద్దామన్న ఉద్దేశమూ అదే, గట్టి నిర్ణయమూ అదే. గొంతు తీరును బట్టి, సందర్భాన్ని బట్టి అవతలివాళ్లు గ్రహిస్తారు. పిల్లలు దీన్ని ఇంగ్లీషులో పెట్టేటప్పుడు ‘అనుకోవడం’ అంటే ‘థింక్’ కదా అని "ఐ థాట్ టు జాయిన్ బీఎస్సీ" అని రాస్తారు. ఈ అర్థంలో ‘థాట్’ పక్కన ‘టు జాయిన్’ కుదరదు. అంతకంటే ముఖ్యం, ఇంగ్లీషు ఇక్కడ మిమ్మల్ని నిలదీస్తుంది: నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావు? ఆలోచిస్తూ ఉంటే "ఐ యామ్ థింకింగ్ ఆఫ్ జాయినింగ్". ఉద్దేశం ఉంటే "ఐ ప్లాన్ టు జాయిన్". మిగతా దారులు కోసేసుకున్నాక మాత్రమే "ఐ హ్యావ్ డిసైడెడ్ టు జాయిన్". తెలుగులో ఒక్క మాటతో గడిచిపోయినదానికి ఇంగ్లీషులో మూడు గదులున్నాయి. కలం పట్టే ముందు ఏ గదిలో ఉన్నామో మనం చూసుకోవాలి. ఇది వ్యాకరణమే అయినా, ఈ ప్రశ్న వేసుకుంటేనే తమకు ఇంకా ఏదీ తేలలేదని తెలుసుకున్న పిల్లలను నేను చూశాను.

రెండో చిక్కు దీనికంటే లోతైనది. తెలుగులో ‘నిర్ణయించు’ వేరు, ‘నిర్ణయించుకొను’ వేరు. ‘నాన్న నిర్ణయించారు’ అంటే ఇంకొకరి కోసమో, ఒక విషయం గురించో. ‘నేను నిర్ణయించుకున్నాను’ అంటే నా కోసం, నా మనసులో. ఆ ‘కొను’ అనే చిన్న తోకలో అంత భేదం ఉంది. ఇప్పటి వాడుకలోనూ ఆ భేదం పోలేదు. ‘డేట్ డిసైడ్ చేశారు’ అంటాం, ‘నేను డిసైడ్ అయ్యాను’ అంటాం. ‘చేయడం’ బయటి విషయానికి, ‘అవడం’ సొంత మనసుకు. ఇంగ్లీషు మాటను తెచ్చుకుని దానికి కూడా మన తోక తగిలించుకున్నాం.

ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు. నాన్న చేసినా ‘డిసైడెడ్’, నేను చేసుకున్నా ‘డిసైడెడ్’. కాబట్టి ఎవరు, ఎవరి గురించి అన్న సంగతి వాక్యంలో కర్తే చెప్పాలి. "ఐ డిసైడెడ్ టు స్టడీ కామర్స్" అంటే నేను. "మై పేరెంట్స్ డిసైడెడ్ దట్ ఐ షుడ్ స్టడీ కామర్స్" అంటే వాళ్లు. రెండో వాక్యంలో ‘దట్’ తర్వాత మళ్లీ ‘ఐ’ రావాలి. "మై పేరెంట్స్ డిసైడెడ్ మీ టు స్టడీ" అనకూడదు. ‘టోల్డ్ మీ టు’, ‘ఆస్క్‌డ్ మీ టు’ ఉన్నాయి కదా అని పిల్లలు దీన్నీ ఆ వరసలో కూర్చోబెడతారు.

ఒక అమ్మాయి దరఖాస్తులో ఇలా ఉంది: "ఐ వాజ్ డిసైడెడ్ ఫర్ బీకామ్." మిగతా తొమ్మిది గీతలు ఖాళీ. పదో తరగతిలోనూ, పీయూసీ సైన్సులోనూ చక్కటి మార్కులు. నేను ఎర్రసిరాతో చుట్టి, ‘భాష బలహీనం’ అని అంచున రాసి పెట్టాను. ఆ మాట రాసినందుకు తర్వాత సిగ్గుపడ్డాను.

ఇంటర్వ్యూ రోజు తండ్రితో వచ్చింది. మా కమిటీలో పెద్దావిడ ఒకరు ఆ వాక్యం చూపించి, తెలుగులో చెప్పమన్నారు. "బీకామ్ చదవాలని నిర్ణయించారు మేడమ్" అంది. "నిర్ణయించారా, నిర్ణయించుకున్నావా?" అని అడిగారు ఆవిడ. అమ్మాయి జవాబు చెప్పలేదు. తండ్రే అన్నాడు, "మేమే అనుకొని తేల్చేసినాం సార్. వాళ్లన్న ఇంజనీరింగు ఫీజు కడతా ఉండాం. ఇద్దరికీ ల్యాబు ఫీజులు, అవీ ఇవీ కట్టలేం. పాపను అడగలేదు." అడగలేదని చెప్పడానికి ఆయన సంకోచించలేదు, గర్వపడనూ లేదు. ఉన్న విషయం చెప్పాడు.

వ్యాకరణం ప్రకారం ఆ అమ్మాయి వాక్యం తప్పే. ‘డిసైడ్’ కర్మణి ప్రయోగంలో విషయం తీరుతుంది, కేసు తీరుతుంది, తేదీ ఖాయమవుతుంది. మనిషి ‘డిసైడ్’ చేయబడడు. "ద డేట్ వాజ్ డిసైడెడ్" సరే, "ఐ వాజ్ డిసైడెడ్" కాదు. కాని ఆ తప్పులో ఆమె సరిగ్గా తనకు జరిగిందే రాసింది. తాను కర్త కాదు, కర్మ. సరైన ఇంగ్లీషులో రాయాలంటే "ఇట్ వాజ్ డిసైడెడ్ ఎట్ హోమ్ దట్ ఐ షుడ్ స్టడీ బీకామ్" అనాలి. అప్పుడు నేను ఆ వాక్యం గమనించకుండానే పేజీ తిప్పేసేవాణ్నేమో. ‘ఇట్ వాజ్ డిసైడెడ్’ అన్న మాట అంత మర్యాదగా ఉంటుంది. ఆఫీసు సర్క్యులర్లలో దాన్ని ఇష్టంగా వాడేది అందుకే. ఎవరు నిర్ణయించారో చెప్పకుండా నిర్ణయం చెప్పవచ్చు. దరఖాస్తులో మాత్రం ఆ వాక్యం రాయకండి. మేం అడిగేది మిమ్మల్ని. నాన్నే నిర్ణయించి ఉంటే ‘మై ఫాదర్ డిసైడెడ్’ అని రాయండి, దానికి మార్కులు తగ్గవు. ఆ తర్వాతి వాక్యంలో మీకు ఏమనిపించిందో రాయండి.

(తల్లిదండ్రులకు ఒక మాట. ఇంట్లో డబ్బు లేనప్పుడు ఏది తెగ్గొట్టాలో తేల్చాల్సింది మీరే, అది మాకు తెలుసు. పిల్లలను కూర్చోబెట్టి లెక్క చూపించి తేల్చడానికీ, తేల్చాక చెప్పడానికీ తేడా ఉంది. ఫీజు మొత్తం రెండు చోట్లా అంతే ఉంటుంది.)

ఇప్పుడు వాక్యాల కూర్పు చూద్దాం. ‘డిసైడ్’ తర్వాత క్రియ వస్తే ‘టు’ రావాలి: "వి డిసైడెడ్ టు మూవ్ టు బెంగళూరు." నామవాచకం వస్తే ‘ఆన్’ రావాలి: "వి డిసైడెడ్ ఆన్ బెంగళూరు." "ఐ డిసైడెడ్ కామర్స్" అని ఉత్తినే రాయకూడదు, "ఐ డిసైడెడ్ ఆన్ కామర్స్" అనాలి. మా ఫారంలో ప్రశ్నలోనే ‘ఆన్’ ఉంది, అయినా జవాబులో మాయమవుతుంది. వద్దనుకుంటే ‘అగైన్‌స్ట్’: "వి డిసైడెడ్ అగైన్‌స్ట్ ద హాస్టల్." రెండింటి మధ్య ఊగుతుంటే ‘బిట్వీన్’. "డిసైడెడ్ ఫర్ గోయింగ్" అనేది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు కాని ఏటా కనీసం నాలుగు ఫారాల్లో ఉంటుంది. మానేయండి.

ఇంకా తేలలేదని చెప్పాలంటే ‘వెదర్’ వాడాలి. పైన చెప్పిన అమ్మాయి మరుసటి ఏడు రెన్యూవల్ ఫారంలో రాసింది: "ఐ హ్యావ్ నాట్ యెట్ డిసైడెడ్ వెదర్ టు డూ సీఏ ఆర్ ఎంకామ్." ఒక్క తప్పు లేదు. ‘వెదర్’ తర్వాత ‘టు’ వస్తుంది, ‘ఇఫ్’ తర్వాత రాదు. ‘ఇఫ్ టు డూ’ అని అనరు. ఆ వాక్యంలో కర్త ఎవరో కూడా చూడండి.

‘లేదు’ ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ముఖ్యమైన విషయం. ఫైలు పక్కకు పోయిందని మొదట్లో చెప్పింది దీని వల్లే. ఒక అబ్బాయి బ్యాంకు విద్యారుణం గురించిన గడిలో "ఐ డిడ్ నాట్ డిసైడ్ టు టేక్ లోన్" అని రాశాడు. అప్పు తీసుకోవాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదన్న మాట, తేలాక చూద్దామని మేం ఫైలు పక్కన పెట్టాం. రెండు నెలలకు ఫోను చేశాడు. వాడి భావం, అప్పు తీసుకోకూడదని నిర్ణయించుకున్నానని. అప్పటికి మొదటి విడత పంపిణీ అయిపోయింది. మరుసటి విడతలో ఇచ్చాం కాని, ఈలోగా కాలేజీ ఫీజుకు వాళ్లు బయట వడ్డీకి తెచ్చుకున్నారు.

తెలుగులో ఈ తేడా మనకు పుట్టుకతో తెలుసు. ‘తీసుకోవాలని నిర్ణయించుకోలేదు’ ఒకటి, ‘తీసుకోకూడదని నిర్ణయించుకున్నాను’ ఇంకొకటి. మొదటిదానిలో నిర్ణయమే లేదు. రెండోదానిలో నిర్ణయం ఉంది, అది వద్దని. ఇంగ్లీషులో మొదటిది "ఐ హ్యావ్ నాట్ డిసైడెడ్ టు టేక్ ఎ లోన్", రెండోది "ఐ హ్యావ్ డిసైడెడ్ నాట్ టు టేక్ ఎ లోన్". ‘నాట్’ ఒక్క అడుగు జరిగితే అర్థం మారిపోతుంది. పెద్దలు కూడా ఆఫీసు ఉత్తరాల్లో ఈ పొరపాటు చేస్తారు. రాసిన తర్వాత ఒకసారి తెలుగులోకి తిప్పి చదువుకుంటే పట్టుబడుతుంది.

‘డిసైడ్’, ‘చూజ్’ ఒకటేనా అని చాలామంది అడుగుతారు. దగ్గరి మాటలే గాని ఒకటి కాదు. ‘చూజ్’ చేయాలంటే ఎదురుగా కొన్ని వస్తువులో దారులో పరిచి ఉండాలి. వాటిలోంచి ఏరుకోవడమే ‘చూజ్’. అందుకే దానికి ‘ఆన్’ అక్కర్లేదు, "ఐ చోజ్ కామర్స్" అంటే చాలు. ‘డిసైడ్’కు ఎదురుగా ఏమీ పరిచి ఉండనక్కర్లేదు. ఎంత, ఎప్పుడు, అసలు చేయాలా వద్దా అన్నవి కూడా తేల్చవచ్చు.

మన ఊళ్లో పీయూసీ అయిన ప్రతి ఇంట్లోనూ తెలిసిన ఉదాహరణ సీఈటీ కౌన్సెలింగ్. మల్లేశ్వరం 18వ క్రాసులో ఉన్న కర్ణాటక పరీక్షా ప్రాధికార సీటు కేటాయించిన తర్వాత కొన్నేళ్లుగా నాలుగు ఛాయిస్‌లు ఇస్తూ వచ్చింది. ఒకటోది నొక్కితే, ఈ సీటుతో తృప్తి పడ్డాను, చేరతాను, తర్వాతి రౌండ్లలోకి రాను అని. రెండోది, ఈ సీటు ఉంచండి, కాని పైన పెట్టిన ఆప్షన్ దొరికితే అటు పోతాను అని. మూడోది, ఈ సీటు వద్దు, తర్వాతి రౌండుకు ఉంటాను అని. నాలుగోది, నాకు ఏదీ వద్దు, వెళ్లిపోతున్నాను అని. (ఏటా నియమాలు మారవచ్చు కాబట్టి ఆ ఏడాది ప్రకటన తప్పక చదవండి.) నాలుగింటిలో ఏది నొక్కినా ‘చూజ్’ చేసినట్టే. కాని ‘డిసైడ్’ అయింది ఒకటి, నాలుగు నొక్కినవాళ్లే. రెండు, మూడు నొక్కినవాళ్లు ఏరుకున్నారు గాని ఇంకా కోయలేదు. అది తప్పు కాదు. రెండోది చాలామందికి తెలివైన పని. అయితే రెండోది నొక్కి, పై ఆప్షన్ వచ్చిన రోజున ‘నాకు పాత సీటే కావాలి’ అని ఏడ్చే పిల్లలను ఏటా చూస్తుంటాం. పై ఆప్షన్ వస్తే పాతది పోతుంది. ఆప్షన్ల వరస పెట్టిన రాత్రే ఆ కోత జరిగిపోయింది, వాళ్లు గమనించలేదు.

ఈ రెండు మాటలూ బెంగళూరు తెలుగువాళ్లకు సంబంధించిన ఒక పెద్ద తీర్పులోనూ ఉన్నాయి. 1994 ఏప్రిల్‌లో కర్ణాటక ప్రభుత్వం ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు బోధన మాతృభాషలోనో కన్నడంలోనో ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలు కోర్టుకు వెళ్లాయి. 2008 జులై 2న హైకోర్టు ఫుల్‌బెంచి వారికి అనుకూలంగా చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళితే, 2014 మే 6న ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎం. లోధా నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. తీర్పు రాసినది జస్టిస్ ఎ.కె. పట్నాయక్. ప్రాథమిక దశలో బోధనా మాధ్యమాన్ని ఎంచుకునే స్వేచ్ఛ బిడ్డకు, బిడ్డ తరఫున తల్లిదండ్రులకు ఉందనీ, ప్రభుత్వం మాతృభాషను బలవంతంగా రుద్దలేదనీ సారాంశం. అక్కడ వాడిన మాట ‘చూజ్’. ఎదురుగా కన్నడ మాధ్యమం, ఇంగ్లీషు మాధ్యమం, తెలుగు మాధ్యమం ఉన్నాయి, ఏరుకోవాలి. మరి బిడ్డ మాతృభాష ఏదన్న ప్రశ్న వచ్చినచోట, అది తేల్చవలసింది తల్లిదండ్రులో సంరక్షకులో అని చెబుతూ వాడిన మాట ‘డిసైడ్’. అక్కడ ఏరుకోవడం లేదు. ఉన్నదేమిటో తేల్చి చెప్పడం ఉంది.

ఆ తీర్పు తర్వాత మన ఇళ్లలో ఎక్కువమంది ఏది ఏరుకున్నారో చెప్పనక్కర్లేదు. నేనూ మా పిల్లలకు ఇంగ్లీషు మాధ్యమమే ఏరుకున్నాను, కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. కాని బడి దరఖాస్తులో ‘మదర్ టంగ్’ అన్న గడి దగ్గర కలం ఆగేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. ఏరుకోవడం ఒక పని, తేల్చి చెప్పడం ఇంకో పని. మొదటిదానిలో ఇంగ్లీషు రాసినంత మాత్రాన రెండోదానిలో తెలుగు రాయకూడదని ఎవరూ అనలేదు.

కర్త ఎప్పుడూ మనిషే కావాలా? అక్కర్లేదు. ఫలితాన్ని తేల్చేది ఏదైనా ‘డిసైడ్’కు కర్త కావచ్చు. క్రికెట్ చూసే పిల్లలకు 2019 జులై 14 గుర్తుండే ఉంటుంది. లార్డ్స్‌లో ప్రపంచ కప్ ఫైనల్. ఇంగ్లండ్, న్యూజిలాండ్ చెరి 241. సూపర్ ఓవరులో చెరి 15. చివరికి బౌండరీల లెక్క చూశారు, ఇంగ్లండ్‌వి 26, న్యూజిలాండ్‌వి 17. "ద సూపర్ ఓవర్ డిడ్ నాట్ డిసైడ్ ద మ్యాచ్. ఇట్ వాజ్ డిసైడెడ్ ఆన్ బౌండరీ కౌంట్." అక్కడ ఎవరూ ఆలోచించి నిర్ణయించలేదు, లెక్క తేల్చింది. ఆ ఏడాది అక్టోబరులో ఐసీసీ ఆ నిబంధన మార్చింది. అలాగే "మనీ డిసైడెడ్ ఇట్" అంటే డబ్బే తేల్చిందని. కొంచెం పాత ఇంగ్లీషులో "దట్ డిసైడెడ్ మీ" అని కూడా ఉంది. అటో ఇటో అని ఊగుతున్న నన్ను ఆ మాట, ఆ సంఘటన ఒక వైపు తోసింది అని అర్థం. ‘డిసైడ్’ పక్కన మనిషి నేరుగా వచ్చేది ఆ ఒక్క ప్రయోగంలోనే. పుస్తకాల్లో కనిపిస్తే కంగారు పడకండి, మీ దరఖాస్తులో మాత్రం వాడకండి.

బెంగళూరులో పెరిగే పిల్లలకు ఇంకో చిక్కు కన్నడంతో. కన్నడంలో ‘నిర్ధార’ అంటే నిర్ణయం. మన ‘నిర్ధారణ’ అంటే ఉన్నది నిజమేనని రూఢి చేసుకోవడం, వ్యాధి నిర్ధారణ లాగా. కన్నడంలో ఇంటి విషయాలకూ ‘తీర్మాన’ అంటారు. తెలుగులో ‘తీర్మానం’ సభలోనో పంచాయతీలోనో చేసేది. ‘నేను ఎంబీఏ చదవాలని తీర్మానించాను’ అని మన పిల్లవాడొకడు తెలుగులో చెబితే వాడేదో సభ పెట్టుకున్నట్టు అనిపించింది. నవ్వొచ్చింది గాని, మూడు భాషల మధ్య పెరిగే పిల్లల నోట ఆ మాత్రం కలవడం సహజం. పైగా ‘తీర్మానం’కు ఇంగ్లీషులో వేరే మాట ఉంది, ‘రిజల్యూషన్’.

ఇక స్పెల్లింగు, ఉచ్చారణ. ‘డిసైడ్’ నామవాచకమైతే ‘డిసిజన్’. ‘డి’ అక్షరం పోయి ‘ఎస్’ వస్తుంది. ‘డివైడ్’ ‘డివిజన్’ అయినట్టు, ‘కొలైడ్’ ‘కొలిజన్’ అయినట్టు. ఒకటి గుర్తుంటే మిగతావి వస్తాయి. అందులో ‘జ’ మన ‘జ’ కాదు, ‘టెలివిజన్’లో వినిపించే మెత్తని శబ్దం. దానికి మనకు అక్షరం లేదు, వినే నేర్చుకోవాలి. ‘డిసైసివ్’ అంటే తేల్చేసేది. ‘డిసైడెడ్‌లీ’ మాత్రం మోసం చేస్తుంది. గట్టి నిర్ణయంతో అని కాదు, ‘నిస్సందేహంగా, స్పష్టంగా’ అని. "హి స్టడీడ్ డిసైడెడ్‌లీ" అంటే కుదరదు. "దిస్ పేపర్ వాజ్ డిసైడెడ్‌లీ ఈజియర్" అంటే కుదురుతుంది.

తేదీ చెబితే "ఐ డిసైడెడ్ లాస్ట్ జూన్". తేదీ లేకుండా ఇప్పటి స్థితి చెబితే "ఐ హ్యావ్ డిసైడెడ్". "ఐ హ్యావ్ డిసైడెడ్ లాస్ట్ జూన్" అని రెండూ కలపకండి.

మా ఫారం అట్టడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంటుంది: "ద డిసిజన్ ఆఫ్ ద కమిటీ ఈజ్ ఫైనల్." దీన్ని చూసి భయపడేవాళ్లున్నారు, అందుకే చెబుతున్నాను. ఆ మాట ఆ ఏడాది పంపిణీకి మాత్రమే వర్తిస్తుంది. ఒకసారి రానివాళ్లు మరుసటి ఏడు మళ్లీ పెట్టుకోవచ్చు, పెట్టుకుని తీసుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఈసారి ఫారంలో ఆ పది గీతల కింద, తెలుగులో రాసుకోవడానికి మరో అయిదు గీతలు కలిపాం. ముందు అక్కడ రాసుకోండి, తర్వాత పైకి వెళ్లండి. రెండూ చదువుతాను.